వరదకు ముందు సైకిలును పైకెత్తుట — కప్పీ త్రాటి పాఠము

సహకార సంఘ సభ్యులగు కర్షక సోదరులారా,

గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన సీమలో గోదావరి నీటివలన బ్రతుకనివాడు లేడు. ఆ నీటికి వెఱవనివాడును లేడు. విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, తెగుళ్లను గూర్చియు పాఠములు వ్రాయుట మా వంటివారికి వాడుక. ఈ మాసము పైరును విడిచి, ఆ పైరును బజారునకు జేర్చు సైకిలును గూర్చి వ్రాయుచున్నాను. ఇది అల్పవిషయమని త్రోసివేయక తుదివఱకు చదువ వేడెదను.

రావులపాలెము అరటి మార్కెట్టునకు ప్రాతఃకాలమున పోయి చూచినవారికి సైకిలు విలువను వేఱుగ చెప్పనక్కరలేదు. లారీలును వ్యానులును ఎన్ని వచ్చినను, కర్పూర, చక్కెరకేళి, బొంత గెలలను క్యారియరునకు ఇరువైపుల వ్రేలగట్టుకొని, గట్టు వెంబడి సైకిలును త్రోసికొనుచు వచ్చు సన్నకారు రైతు నేటికిని గలడు. అతనికి సైకిలే బండి, సైకిలే ఎడ్లు. దానికి మేత లేదు, పెట్రోలు లేదు. అది చెడిన దినమున గెల బజారు చేరుటకు కూలి ఇయ్యవలసివచ్చును. ఆ కూలి పోగా చేతికి వచ్చునది ఎంతయో గెల అమ్మినవాడే ఎఱుగును.

వరద తీసిన పిమ్మట చేయవలసిన పని యెంతయో యుండును. పడిపోయిన అరటిలో మిగిలిన గెలలను వెంటనే కోసి అమ్ముకొనవలెను. మందునకు, బియ్యమునకు, పశువుల మేతకు తిరుగవలెను. సైకిలు మిక్కిలి అవసరమగునది ఆ వారము దినములలోనే. అయినను నీరు వచ్చునప్పుడు అందఱికంటె వెనుక మనకు జ్ఞాపకము వచ్చునదియు సైకిలే. మొదట పిల్లలను, ముసలివారిని, పశువులను గట్టు చేర్చుదుము. పిదప బియ్యమును, పట్టాకాగితములను అటకపై నుంచుదుము. ఈ వరుస న్యాయమైనదే. దీనిని మార్చుమని నేను చెప్పను. ప్రాణము ముందు, వస్తువు వెనుక. అయితే ఆ తుదివస్తువును ఒక్క మనిషి, అది స్త్రీయైనను వృద్ధుడైనను, కొలది నిమిషములలో పైకెత్తగల ఏర్పాటు ముందుగనే చేసికొనవచ్చునని చెప్పుటయే ఈ పాఠము.

నీట మునిగిన సైకిలునకు కలుగు చెఱుపు

ఇనుము తడియగానే పాడగునని తలచుట పొరపాటు. వాన నీటిలో తడిసిన సైకిలును తుడిచి ఎండబెట్టినచో చాలును. వరదనీరు అట్టిది కాదు. దానియందు సన్నని ఒండ్రు కలిసియుండును. చక్రముల ఇరుసులలోను, పెడళ్ల ఇరుసులోను, హాండిలు మెడలోను ఉక్కు గుండ్లు గలవు. వాని చుట్టునున్న గ్రీజులోనికి ఒండ్రు చొచ్చి, నీరు తీసిన తరువాత అక్కడనే నిలిచిపోవును. అట్లే తొక్కినయెడల ఆ ఒండ్రు ఆకురాయివలె పనిచేసి గుండ్లను, అవి తిరుగు గిన్నెలను అరగదీయును. కావున మునిగిన సైకిలును వెంటనే తొక్కరాదు. మంచినీటితో కడిగి, ఇరుసులు విప్పించి, కిరసనాయిలుతో శుభ్రపఱచి, క్రొత్త గ్రీజు పెట్టించి, గొలుసునకు నూనె వేసిన పిదపనే వాడవలెను. ఊరి సైకిళ్లన్నియు ఒకేసారి మునిగినప్పుడు బాగుచేయువాని అంగడివద్ద ఎన్ని దినములు వేచియుండవలసివచ్చునో మీరే ఊహింపుడు.

నీరు ఎంత ఎత్తు వచ్చును?

పైకెత్తుటకు పూర్వము ఎంతకు ఎత్తవలెనో తెలిసికొనవలెను. 1986 వ సంవత్సరము ఆగస్టు 16 వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగుల మట్టమునకు లేచినది. 2022 వ సంవత్సరము జూలై 16 వ తేదీన 71.3 అడుగులు వచ్చినది. ఈ రెండు వరదలలోను మన లంకలు నీటిపాలైనవి. దవళేశ్వరము వద్ద కాటన్ బ్యారేజిపై నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు ప్రకటింతురు.

ఈ అంకెలు నదికి సంబంధించినవి. మీ ఇంటి అరుగునకు సంబంధించినవి కావు. ఒకే ఊరిలో గట్టు ప్రక్క ఇంటికి మోకాలిలోతు నీరు వచ్చినప్పుడు పల్లపు ఇంటిలో రొమ్ములోతు ఉండవచ్చును. కాబట్టి 1986 లోను, 2022 లోను మీ ఇంటి గోడపై నీరు ఎంతవఱకు వచ్చెనో పెద్దలను అడిగి, నేలనుండి కొలిచి, రంగుతో గుఱుతు వేయుడు. ఆ గుఱుతే మీ కొలబద్ద. దానికి పైన ఒక అడుగు చేర్చుకొనుడు.

కప్పీ అనగా నేమి?

బావి గిలకను ఎఱుగనివారు మనలో లేరు. కప్పీ అనునది ఆ గిలకయే. చుట్టును ఇనుప చట్రమును, కొక్కెమును గలిగినది. కాటన్ దొర 1847 మొదలు 1852 వఱకు ఆనకట్ట కట్టించిన పిదప మన కాలువలపై తిరిగిన పడవలవారు తెరచాప నెత్తుటకు దీనినే వాడిరి. హాలండు దేశము మన డెల్టావలె పల్లపు దేశము. అక్కడి ఆంస్టర్‌డాం నగరమున కాలువల యొడ్డు పాత ఇండ్లకు పైకొసన ముందునకు చొచ్చిన దూలమును, దానికొక కొక్కెమును నేటికిని చూడవచ్చును. మెట్లు ఇరుకగుటచే వర్తకులు తమ సరకులను ఆ కొక్కెమునకు కప్పీ తగిలించి త్రాటితో పై అంతస్తులకు చేదుకొనెడివారు. మన పెద్దలు పాలకుండను ఉట్టిమీద పెట్టుటయు ఇట్టి ఆలోచనయే. క్రిందనున్న ఆపదకు అందకుండ వస్తువును మీద నుంచుటయే రెండింటి సారము.

కప్పీలు రెండు విధములుగ పనిచేయును. దూలమునకు బిగించినది కదలని కప్పీ. ఇది బరువును తగ్గింపదు. లాగు దిక్కును మాత్రము మార్చును. 20 కిలోల సైకిలును దీనితో ఎత్తుటకు 20 కిలోల బలముతోనే లాగవలెను. బరువుతోపాటు పైకి పోవునది కదలెడు కప్పీ. త్రాటి యొక కొనను దూలమునకు కట్టి, త్రాటిని క్రిందికి తెచ్చి కదలెడు కప్పీలో దూర్చి, మరల పైకి తీసి కదలని కప్పీమీదుగ లాగినచో, సైకిలు బరువును రెండు త్రాటిపాయలు పంచుకొనును. ఒక్కొక్క పాయకు 10 కిలోలే పడును. రాపిడివలన ఇంకొక కిలో రెండు కిలోలు చేరినను, నీటికడవను మోయగలవారందఱును దీనిని లాగగలరు.

అయితే ప్రకృతి ఏదియు ఊరక ఇయ్యదు. బలము సగమైనప్పుడు లాగవలసిన త్రాడు రెట్టింపగును. సైకిలు నాలుగు అడుగులు లేవవలెనన్నచో ఎనిమిది అడుగుల త్రాటిని లాగవలెను. తొందర లేనిచోట ఇది నష్టము కాదు.

కావలసిన వస్తువులు

కప్పీలు మూడు: ఒకటి సైకిలునకు నేరుగ పైన, దూలమునకు బిగించుటకు, ఒకటి కదలెడిది, మూడవది అదే దూలమునకు గోడ ప్రక్క కొసయందు బిగించుటకు. ఈ మూడవదాని వలన బలము తగ్గదు. లాగువాడు బరువుక్రింద నిలువక, గోడయొద్ద నిలిచి లాగుటకు అది కావలెను. దీనిని అనవసరమని మానివేయరాదు.

త్రాడు: చేతికి పట్టు దొరకునట్టి నైలాను త్రాడు, 8 మొదలు 10 మిల్లీమీటర్ల లావు గలది, సుమారు 30 అడుగులు. మన కొబ్బరి పీచు త్రాడు అనేక పనులకు శ్రేష్ఠమైనదే; కాని ఇది దాని పని కాదు. అది సాగును, కప్పీలో రాచుకొని పోగులు లేచును.

అడ్డకఱ్ఱ: మూడడుగుల సరుగుడు కఱ్ఱ లేదా గట్టి వెదురు. దీని నడుమ కదలెడు కప్పీని తగిలించి, రెండు కొసలనుండి రెండు పొట్టి ఉచ్చులు వ్రేలాడదీయవలెను. ముందరి ఉచ్చు హాండిలు మెడకు, వెనుక ఉచ్చు సీటు క్రింది గొట్టమునకు తగిలింపవలెను. క్యారియరు ఉన్న సైకిలు వెనుకకు బరువుగ నుండును. కావున కఱ్ఱపై కప్పీ తగులు తావును కొంచెము వెనుకకు జరిపి, సైకిలు సమముగ నిలుచుచోట గాడి కోయించుడు. ముందరి చక్రము త్రిప్పుకొనకుండ దానిని చట్రమునకు కట్టుడు.

కట్టుకొయ్య: గోడలోనికి గట్టిగ బిగించిన రెండు కొమ్ముల కొయ్య, నేలకు నాలుగడుగుల ఎత్తున. లాగిన త్రాటిని దీనికి ఎనిమిది అంకె ఆకారమున నాలుగైదు చుట్లు చుట్టి, తుదిని ముడివేయవలెను. ఒక్క చుట్టునకు త్రాడు జాఱును. ఎనిమిది అంకె జాఱనీయదు.

దూలము లెక్క

ఇచ్చట అనేకులు తప్పుదురు. సైకిలు 20 కిలోలు గాన దూలమునకు 20 కిలోలే పడునని తలంతురు. అట్లు కాదు. సైకిలు బరువు 20 కిలోలకు, మీరు క్రిందికి లాగు 10 కిలోలు చేరి, దూలము 30 కిలోలు మోయుచుండును. ఒకే కదలని కప్పీతో లాగినచో 40 కిలోలు పడును. తూగి తూగి లాగినయెడల ఇంకను హెచ్చును. కాబట్టి కొక్కెములను వాసములకు గాని, పెంకుల క్రింది బద్దలకు గాని బిగింపరాదు. దూలమునకే బిగింపవలెను. తాటి దూలమైనచో చెదలు తినినదేమో సుత్తితో తట్టి చూడుడు; బోలుశబ్దము వచ్చినచో విడిచిపెట్టుడు. దూలమునకు మేకు కొట్టుటకంటె దాని చుట్టును ఇనుప పట్టీ వేసి బోల్టుతో బిగించుట మేలు. కాంక్రీటు కప్పు గలవారు మేస్త్రీచే తగిన బోల్టు వేయించవలెను. పెచ్చులూడి తుప్పుపట్టిన కడ్డీ కనబడు కప్పునకు వేయింపరాదు.

బిగించిన తరువాత పరీక్ష చేయుడు. రెండు గోతములలో ముప్పదేసి కిలోల ఇసుక పోసి, నడుమ కొక్కెమునకు వ్రేలగట్టి, ఒక రాత్రి యుంచుడు. క్రింద ఎవ్వరిని పండుకొననీయకుడు. ఉదయమునకు కొక్కెము జాఱక, దూలము వంగక యున్నచో సైకిలును నమ్మి యెత్తవచ్చును.

ఎత్తు లెక్క

దూలము నేలకు 9 అడుగుల ఎత్తున నున్నదనుకొందము. కప్పీలు, కఱ్ఱ, ఉచ్చులు కలిసి ఒకటిన్నర అడుగు తీసికొనును. నేలనుండి హాండిలు వఱకు సైకిలు ఎత్తు మూడున్నర అడుగులు. అనగా మొత్తము 5 అడుగులు పోగా, చక్రముల అడుగుభాగము నేలకు 4 అడుగుల ఎత్తున నిలుచును. అయితే మనము కాపాడవలసినది టైరును కాదు, ఇరుసులను. పెడళ్ల ఇరుసు చక్రపు అడుగునకు సుమారు ఒక అడుగు పైన నుండును. కావున నీరు 5 అడుగులకు లోపుగ నున్నంతవఱకు ఇరుసులకు భయము లేదు.

మీ గోడ గుఱుతు అంతకంటె పైన నున్నచో రెండు ఉపాయములు గలవు. హాండిలును ప్రక్కకు త్రిప్పి, సైకిలును పరుండబెట్టి, మూడు ఉచ్చులతో బల్లపఱుపుగ ఎత్తినయెడల అది ఒకటిన్నర అడుగు ఎత్తు మాత్రమే ఆక్రమించును; రెండడుగులు కలిసివచ్చును. లేదా పెంకుటింటిలో నడిమి దూలమునకు బదులు ఇంటి వెన్ను దూలమునకు కప్పీ బిగింపవచ్చును. ఈ రెండును చాలనియెడల ఆ ఇంటిలో వస్తువును దాచుట వ్యర్థము. మొదటి హెచ్చరిక నాడే సైకిలును తొక్కుకొని ఏటిగట్టు దాటించుడు.

జాగ్రత్తలు

ఎత్తునప్పుడును దించునప్పుడును బరువుక్రింద ఎవ్వరును ఉండరాదు. పిల్లలను ముందుగ బయటికి పంపుడు. ఎత్తిన పిదప దూలమునుండి సైకిలు చట్రమునకు వేఱొక పొట్టి త్రాటిని కాపుగ కట్టుడు. ప్రధానపు త్రాడు తెగినను ఇది నిలుపును. కప్పీలకు సంవత్సరమునకు రెండు మారులు నూనె వేయుడు. ఎలుకలు త్రాటిని కొఱకును గాన, వర్షములకు ముందు త్రాటిని మొదటినుండి తుదివఱకు చేతితో తడిమి చూడుడు.

మోటారు సైకిలును ఈ కప్పీలతో ఎత్తుటకు ఎన్నడును యత్నింపకుడు. దాని బరువు నూఱు కిలోలకు పైబడినది. దూలమును, మనిషిని కలిపి పడవేయును. దానిని గట్టుమీదికి నడిపించుటయే మార్గము. మందుకొట్టు యంత్రమును, 30 కిలోలకు మించని విత్తనపు బస్తాను మాత్రము ఈ త్రాటితోనే ఎత్తుకొనవచ్చును. 30 కిలోల బస్తాకు దూలముపై 45 కిలోలు పడునని మఱువకుడు. నీటిమోటారును ఎత్తదలచినవారు మొదట విద్యుత్తు నిలిపి, తీగలు విప్పించి, బరువు తూచి చూడవలెను.

ఇంకొక ముఖ్యవిషయము. వరద వేఱు, గాలివాన వేఱు. మన సీమకు రెండును వచ్చును. 1996 వ సంవత్సరము నవంబరు 6 వ తేదీ తుపాను మన కొబ్బరి తోటలను ఎట్లు కూల్చెనో చూచినవారు ఇంకను ఉన్నారు. వరదకు మీదనుంచుట క్షేమము. పెనుగాలికి పెంకుటింటిలో మీదనుంచుట క్షేమము కాదు. కప్పు లేచిపోవునప్పుడు వ్రేలాడు బరువు దూలమును ఊపును, పడినచో క్రిందివారికి దెబ్బ తగులును. కావున తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు సైకిలును దించి, స్తంభమునకు గట్టిగ కట్టివేయుడు.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్కరు ఒక్కొక్క కప్పీని చిల్లరగ కొనుటకంటె, సంఘము తరఫున కావలసిన కప్పీలను, త్రాటిని ఒకేసారి తెప్పించినచో సరకు ఒకే తీరున నుండును, ధరయు తగ్గును. వడ్రంగిని ఒక దినము పిలిపించి వీధివరుసగ దూలములను చూపింపవచ్చును.

వరుసలో మొదట ఎవరి ఇల్లు రావలెను? జవసత్త్వములు గల ముగ్గురు కొడుకులున్న ఇంటివారు కప్పీ లేకున్నను సైకిలును అటకపైకి అందించుకొందురు. భర్త పశువులను తోలుకొని గట్టునకు పోగా, అత్తయు కోడలును మిగిలిన ఇంటిని తలచుకొనుడు. కుఱ్ఱలు పరదేశములకు పోగా ముసలి దంపతులు మాత్రమున్న ఇంటిని తలచుకొనుడు. నిచ్చెనపై ఇనుమును మోయుచు కాలుజాఱినచో పోవునది సైకిలు కాదు, తుంటి యెముక. మొదటి మూడు కప్పీలు అట్టి ఇంటికే పోవలెను. సహకారమను మాటకు ఇంతకంటె వేఱర్థము నే నెఱుగను.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు, నీరు అరుగెక్కిన పిదప వడ్రంగికి కబురు పంపి ప్రయోజనము లేదు. వైశాఖ జ్యేష్ఠ మాసములలో పని తక్కువ, నేల పొడి. అప్పుడే బిగించి, ఇంటిలోని ప్రతివారిచేతను ఒక్కొక్కసారి ఎత్తించి దింపించుడు. ఒకసారి చేతితో చేసిన పనిని చీకటిలోను మఱువము.

సంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఇంటిలో 1986 నాటి నీటి గుఱుతు నేలకు ఎన్ని అడుగుల ఎత్తున నున్నది? 2022 నాటిది ఎంత?

2. 24 కిలోల సైకిలును ఒక కదలెడు కప్పీతో ఎత్తినచో, రాపిడిని విడిచి, చేతిపై ఎన్ని కిలోలు, దూలముపై ఎన్ని కిలోలు పడును?

3. మీ దూలము ఎత్తు 8 అడుగులైనచో నిలువుగ ఎత్తిన సైకిలు చక్రములు నేలకు ఎంత ఎత్తున నుండును? మీ గుఱుతునకు అది చాలునా?

4. మీ వీధిలో మొదట కప్పీ బిగింపవలసిన ఇల్లు ఏది?

నాలుగవ ప్రశ్నకు లెక్కతో పనిలేదు. అయినను దానికి సమాధానము వ్రాయక మొదటి మూడింటిని వ్రాసిన ప్రయోజనము లేదు.